బిజిలీ పగ్గం పట్టిన రోజులు

ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. పుస్తకం చివరిదాకా చదివే ఓపిక అందరికీ ఉండదు. పసిపిల్లలకు జ్వరం వచ్చి, మెడ పట్టేసి, కాళ్లు గుంజుతున్నాయని ఏడుస్తుంటే సూది వేయమని ఎవరినీ తొందరపెట్టకండి. కదపకుండా పడుకోబెట్టి, తెలిసిన డాక్టరుకు చూపించండి. ఈ జబ్బు రాకుండా పట్నంలో ఇప్పుడేదో చుక్కల మందు ఇస్తున్నారట. దొరికితే మానకుండా వేయించండి. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి నాకు ఆరేళ్లు పట్టింది. ఎందుకు పట్టిందన్నదే మిగతా కథ.

మాది కల్వకుర్తికి రెండు కోసుల దూరంలో ఒక పల్లె. గొర్రెలు కాసుకునే ఇల్లు. మా ఇంట్లో బడి గడప తొక్కినవాణ్ని నేనొక్కణ్నే. చదువుకున్న ఊళ్లోనే పంతులునయ్యాను. దానికి తోడు పద్యాల పిచ్చి. నా పద్యాలను ఏ పత్రికా వేసుకోకపోతే రోషం వచ్చి నేనే పుస్తకంగా అచ్చు వేయించాను. ఆ కట్టలు చాలాకాలం మా అటక మీద ఉండేవి. చెదలు తప్ప వాటిని ఎవరూ పూర్తిగా చదివినట్టు లేదు. నా భార్య అంజమ్మకు అక్షరాలు రావు. మా అమ్మకూ రావు. మా అమ్మను మనవరాలు పిలిచినట్టే ఇంట్లో అందరం అవ్వ అనే అంటాం. మా ఒక్కగానొక్క కూతురికి భారతి అని పేరు పెట్టుకున్నాను. ఊళ్లో ఆ పేరు ఎవరికీ లేదని నాకు గర్వంగా ఉండేది.

ఇంకో గర్వం కూడా ఉండేది. మశూచి టీకాలవాళ్లు వస్తే జనం చేలల్లోకి పారిపోయే రోజులవి. నేను ఇంటింటికీ తిరిగి, బతిమాలి, బెదిరించి, పిల్లలను పట్టుకొచ్చి వరుసలో నిలబెట్టేవాణ్ని. నాకు 'ఇంగ్లీషు మందు సారు' అని పేరు పడింది. ఎగతాళిగానే పెట్టారు, కానీ నేను దాన్ని బిరుదులాగా మోసుకు తిరిగాను.

యాభై ఎనిమిదో సంవత్సరం, మృగశిర కార్తె. తొలకరి పడి ఊరంతా చేలల్లో ఉంది. భారతికి నాలుగేళ్లు. ఒక సాయంత్రం అంజమ్మ చేను నుంచి పిల్లను భుజాన వేసుకొని వచ్చింది. ఒళ్లు కాలిపోతోంది. మరునాటికి మెడ వంచలేకపోయింది. కాళ్లు ముట్టుకుంటే కేకలు పెట్టింది. అవ్వ మంచం పక్కన కూర్చొని తడిగుడ్డ వేస్తూ ఉంది. నేను చొక్కా తొడుక్కోవడం చూసి అడిగింది.

"ఏడికిరా?"

"కల్వకుర్తికి. సూది ఏపిస్త."

"జరమొచ్చిన పిల్లను కదిలియ్యకు బిడ్డా. సూదులు గీదులు పొడిపియ్యకు. గొర్రెపిల్లకు జరమొస్తె మనం ముడుతమా? పండనియ్యి. రెండు దినాలు పండనియ్యి."

"మనిషి గొర్రెపిల్ల గాదే అవ్వా" అన్నాను. వాకిట్లో ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. ఊరి పిల్లలందరికీ టీకాలు వేయించిన సారు తన పిల్లకు ఏం చేస్తాడో చూద్దామని వచ్చినవాళ్లలాగే కనిపించారు నాకు. వాళ్లు పాపం పిల్ల ఎట్లా ఉందో అడగడానికే వచ్చారేమో.

కల్వకుర్తిలో కంపౌండరు భారతిని చూసి తల గోక్కున్నాడు. మంచివాడు. అతని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. "సారు, తాగే మందిస్త. రెండు దినాలు సూడున్రి. సూది ఇప్పుడెందుకు?" అన్నాడు.

"తాగే మందుతోని పోయే జరమా ఇది? నేనేమన్న సదువురానోన్నా? సూదెయ్యి" అన్నాను.

అతను ఇంకోసారి వద్దన్నాడు. నేను ఇంకోసారి గద్దించాను. కుడి పిరుదుకు వేశాడు. భారతి ఏడ్చి ఏడ్చి నా భుజం మీదే నిద్రపోయింది. ఏదో సాధించినవాడిలాగా ఇంటికొచ్చాను.

రెండో నాటికి జ్వరం తగ్గింది. చూశావా అన్నట్టు అవ్వ వైపు చూశాను కూడా. మూడో నాడు పొద్దున పిల్ల మంచం దిగబోయి కుప్పలాగా కూలబడింది. ఏడవలేదు. కుడికాలిని రెండు చేతులతో పట్టుకొని చూసి, "బాపూ, నా కాలు ఇంక పండుకునే ఉన్నది. లేపు" అన్నది.

ఆ వానకాలమంతా ఆ కాలును లేపడంతోనే సరిపోయింది. నూనెలు, కట్లు, తాయెత్తులు, ఎవరే పేరు చెబితే అది. ఇంగ్లీషు మందు సారు గర్వం ఎప్పుడో మంటగలిసింది. తప్పు ఎవరిదన్న మాట ఏ ఇంట్లోనైనా వస్తుంది, మా ఇంట్లోనూ వచ్చింది. జ్వరం వచ్చిన సాయంత్రం అంజమ్మ విత్తనాల పని మీద ఉండి పిల్లను చెరువుగట్టు మీది కట్టమైసమ్మ గద్దె పక్కన నీడలో పడుకోబెట్టిందట. అవ్వ అదే పట్టుకుంది. "పొద్దుగూకేయాల గాడ పండవెడ్తరా? గాలి సోకదా?" అని వచ్చినవాళ్ల ముందల్లా అనేది. అంజమ్మ ఎదురు చెప్పలేదు. తనూ నమ్మింది. శుక్రవారం శుక్రవారం ఒక్కపొద్దు ఉండి, చెప్పులు లేకుండా కట్టదాకా నడిచి, మైసమ్మకు నీళ్లు పోసి రావడం మొదలుపెట్టింది.

స్వాతి కార్తెలో ఎవరో చెబితే జడ్చర్ల దిక్కున ఉన్న ఒక మిషను దవాఖానకు బస్సులో పోయాం. అక్కడి అరుగు మీద ఎంతసేపు కూర్చున్నామో లెక్కలేదు. మా ముందు ఉన్నవాళ్లంతా చూపించుకొని పోయినా మా వంతు రాలేదు. ఎక్కడిదో ముసలామె ఒకామె, మనిషెవరో తెలియదు, మూట విప్పి జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం అంజమ్మ చేతిలో పెట్టింది. "తిను బిడ్డా. పిల్ల పడితె నువ్వెత్తుకుంటవ్, నువ్వు పడితె ఎవరెత్తుకుంటరు?" అన్నది. అంజమ్మ ఆ రొట్టె తింటూ ఏడ్చింది. అది శుక్రవారం కాదు, అంతవరకు నయం.

లోపలికి పిల్లను నేనే ఎత్తుకుపోయాను. డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి. నెమ్మదిగా మాట్లాడుతుంది. కాలంతా తడిమి చూసి అడిగింది.

"జ్వరంలో ఉండగా ఇంజెక్షను ఏమైనా చేయించారా మాస్టారూ?"

"చేయించానండి."

"ఏ కాలికి?"

నేను చూపించాను. ఆమె ఆ కాలును మెల్లగా కిందికి దించింది. తర్వాత చెప్పింది. పోలియో ఒంట్లో ఉన్నప్పుడు సూది పొడిస్తే జబ్బు ఆ కాలికే దిగే ప్రమాదం ఎక్కువట. "చేయించకపోయినా పడిపోయేదేమో. అది నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు" అన్నది.

"మా ఇంట్లో ఈ మాట చెప్పకండమ్మా" అన్నాను.

"నేనెందుకు చెబుతాను? అది మీరు చెప్పుకోవలసిన మాట కదండీ."

బయటికి వచ్చేసరికి అంజమ్మ కొంగుతో మూతి తుడుచుకుంటూ లేచి నిలబడింది. "ఏమన్నది?"

"పోలియో అంట. ఎవ్వరి తప్పు గాదంట."

"నా తప్పే. నాకెరుక" అన్నది అంజమ్మ.

బస్సెక్కాక చెబుదామనుకున్నాను. బస్సులో జనం ఉన్నారు. ఇంటికి పోయాక చెబుదామనుకున్నాను. ఇంట్లో అవ్వ ఉంది. పండుగ పోనిద్దామనుకున్నాను. చెప్పకుండా ఉండడం మొదటి రోజే కష్టం. ఆ తర్వాత అలవాటైపోతుంది. ఇంతకంటే సిగ్గుపడవలసిన వాక్యం నేనెప్పుడూ రాయలేదు.

దవాఖాన పక్కనే ఒక గది కిరాయికి తీసుకొని అంజమ్మ, భారతి అక్కడ ఉండిపోయారు. నేను శనివారం బడి విడవగానే పోయి సోమవారం పొద్దున్నే వచ్చేవాణ్ని. వేడినీళ్లలో పిండిన గుడ్డలు కాలికి చుట్టేవాళ్లు. ఆ తర్వాత కాలు వంచడం, చాపడం. పిల్ల వరండా అదిరిపోయేట్టు ఏడ్చేది. ఒక్క కాలే కాదు, నడుము కూడా వదులైపోయి కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోయేది.

మదార్ సాబ్ అని ఒక టాంగా ఆయన స్టేషను నుంచి రోగులను దవాఖానకు తెచ్చేవాడు. ఆయన గుర్రం ముసలిది, పేరు బిజిలీ. మెరుపు అని పేరు పెట్టుకున్నందుకు అది సిగ్గుపడాలి, అంత నిదానం. ఒక ఆదివారం భారతి ఏడుపు వినలేక మదార్ సాబ్ టాంగా విప్పి, గుర్రాన్ని వరండా మెట్ల దగ్గరికి నడిపించుకొచ్చాడు.

"సారు, జర పిల్లను ఇటియ్యున్రి."

"పడతది మదార్ సాబ్."

"పడనిస్తనా? నాకు ఐదుగురు ఆడపిల్లలు. ఇయ్యున్రి."

గొంగడి మడిచి వీపు మీద వేసి, భారతిని ఎక్కించి, ఒక పక్క ఆయన, ఒక పక్క నేను పట్టుకున్నాం. బిజిలీ నాలుగు అడుగులు వేసింది. ఏడుపు టక్కున ఆగిపోయింది. మెత్తగా ఒరిగిపోయే పిల్ల, గుర్రం కదిలినప్పుడల్లా పడకుండా నడుము నిలబెట్టుకోవడానికి ప్రయత్నిస్తోంది. ఎవరూ చెప్పకుండానే. పైనుంచి నన్ను చూసి, "బాపూ, నువ్వు పొట్టిగైనవ్" అని నవ్వింది. కాలు పడిపోయాక నేను విన్న మొదటి నవ్వు అది. నేను తల తిప్పుకోవలసి వచ్చింది.

డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చి మా ఇద్దరినీ చెడామడా తిట్టింది. తిడుతూ తిడుతూనే పిల్ల వీపు వైపు చూసి ఆగిపోయింది. "ఇంకో చుట్టు తిప్పండి" అన్నది. గుర్రం మీద కూర్చోబెడితే ఇట్లాంటి పిల్లలకు నడుము బాగుపడుతుందని తనూ ఎక్కడో చదివిందట. అక్కడ గుర్రాలేవి, మనుషులేరి అని వదిలేసిందట. ఆ తర్వాతి వారం నుంచి మధ్యాహ్నం రైలుకూ సాయంత్రం రైలుకూ మధ్య బిజిలీ దవాఖాన ఆవరణలోనే ఉండేది.

ఒక్కొక్క పిల్లకు ముగ్గురు మనుషులు కావాలి. ఒకరు పగ్గం పట్టి నడిపించాలి, ఇద్దరు చెరో పక్క పిల్లను పట్టుకోవాలి. వచ్చిన తల్లిదండ్రులే ఒకరి పిల్లలకు ఒకరు నిలబడేవాళ్లు. తన పిల్లను తను పట్టుకోకూడదని డాక్టరమ్మ నియమం పెట్టింది. తల్లి పట్టుకుంటే పిల్ల తల్లి మీదికే ఒరుగుతుందట. అందుకని భారతి ఎక్కినప్పుడు నేను దూరంగా నిలబడేవాణ్ని, ఎవరి పిల్లో ఎక్కినప్పుడు పగ్గం పట్టేవాణ్ని. యాభై తొమ్మిది, అరవై ఎండాకాలం సెలవులు రెండూ ఆ ఆవరణలోనే గడిచిపోయాయి. గుర్రాన్ని ఎడమవైపు నుంచి నడిపించాలనీ, వెనక్కి తిరిగి దాని కళ్లలోకి చూస్తే ఆగిపోతుందనీ మదార్ సాబ్ నేర్పాడు. "నువ్వు ముందట సూసుకుంట నడువు సారు. నీ ఫికర్ దానికి తెలుస్తది" అనేవాడు. నిజమే. నేను సూది సంగతి తలుచుకున్న రోజున బిజిలీ నడక తడబడేది. లేక నాకే అట్లా అనిపించేదో.

మా ఇద్దరికీ, అంటే నాకూ అంజమ్మకూ, మంచి మాటలు నడిచిన రోజులవే. ఆమె దూరంగా మెట్ల మీద కూర్చొని పక్కవాళ్ల పిల్లలకు జడలు వేసేది. కొత్తగా వచ్చిన తల్లి ఎవరైనా "మీ పిల్లకు ఎట్లయింది?" అని అడిగితే, "నేనే పండగూడని జాగల పండవెట్టిన" అని చెప్పేది. పగ్గం నా చేతిలో ఉండేది. నేను ముందుకు చూసుకుంటూ నడిచేవాణ్ని.

అరవై ఒకటి చలికాలంలో బిజిలీ చనిపోయింది. కడుపునొప్పితో ఒక్క రాత్రిలో పోయిందట. పిల్లలు అడిగితే మదార్ సాబ్ "పుట్టింటికి పోయింది" అని చెప్పాడు. చెప్పి, ఖాళీ టాంగా నొగలు పట్టుకొని నిలబడ్డాడు. భారతి ఆయన దగ్గరికి కుంటుకుంటూ పోయి చేయి పట్టుకుంది.  ఆయన మళ్లీ గుర్రాన్ని కొనలేదు.

అప్పటికి ఏమి వచ్చిందో, ఏమి రాలేదో తేలిపోయింది. నడుము నిలిచింది. ఎడమ కాలు గట్టిపడింది. కుడికాలు రాలేదు. ఇనుప పట్టీల బూటు, చంకలో కర్ర. ఇంతకుమించి ఆశ పెట్టుకోవద్దని డాక్టరమ్మ చెప్పినప్పుడు అంజమ్మ తల ఊపింది. నేను లోపల పోట్లాడుతూనే ఉన్నాను, ఎవరితోనో తెలియకుండా. వెళ్లేటప్పుడు డాక్టరమ్మ నాతో అన్నది: "మాస్టారూ, మీరు పుస్తకాలు అచ్చు వేస్తారట కదా. ఈ జబ్బు గురించి తల్లిదండ్రులకు అర్థమయ్యేట్టు చిన్న పుస్తకం రాయకూడదూ? ఏం చేయకూడదో అది ముందు రాయండి." ఏది రాయమంటోందో నాకు తెలుసు.

రాయడానికి రెండేళ్లు పట్టింది. పద్యాలు గంటకు నాలుగు చెప్పినవాణ్ని, ఒక్క పేజీ వచనం దగ్గర ఆగిపోయాను. వేడినీళ్ల గుడ్డల గురించి రాశాను. గుర్రం గురించి, పట్టుకునేవాళ్లు ఎక్కడ నిలబడాలో, గొంగడి ఎట్లా మడవాలో, అన్నీ రాశాను. సూది గురించి కూడా రాశాను. ఎట్లా రాశానంటే, 'మా ఎరుకలోని ఒక తండ్రి' అని మొదలుపెట్టాను. లోకానికి హెచ్చరిక అందితే చాలు కదా, తండ్రి పేరుతో ఏం పని అని సమాధానం చెప్పుకున్నాను. పాత పద్యాల పుస్తకం మీద నా పేరు కొట్టొచ్చినట్టు వేయించుకున్నవాణ్ని, ఇక్కడ పేరుతో ఏం పని అనుకున్నాను!

అరవై నాలుగు ఎండాకాలం. జడ్చర్లలో ఒక చిన్న ప్రెస్సులో కూర్పు అయింది. ప్రూఫులు ఇంటికి తెచ్చాను. ప్రూఫు దిద్దాలంటే ఒకరు రాతప్రతి పైకి చదవాలి, ఇంకొకరు అచ్చు కాగితంలో చూసుకోవాలి. పదేళ్ల భారతి నాకంటే స్పష్టంగా చదువుతుంది. రాతప్రతి దాని చేతికిచ్చాను. అంజమ్మ అక్కడే కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. సూది సంగతి ఉన్న పేజీ నేను తప్పించి ఉండవచ్చు. ఒక తండ్రి అని ఉంది కదా, పిల్లకేం తెలుస్తుందిలే అనుకున్నాను.

భారతి చదివింది. "మా ఎరుకలోని ఒక తండ్రి, కంపౌండరు వద్దంటున్నా వినక, నాలుగేళ్ల కూతురికి జ్వరంలో పట్టుబట్టి సూది వేయించాడు. ఏ కాలికి వేయించాడో ఆ కాలే పడిపోయింది." అక్కడ ఆగింది. "బాపూ, నాకు గూడ నాలుగేండ్లప్పుడే గద?"

"ఊఁ."

"గీ తండ్రి ఎవరు?"

అంజమ్మ చేతులు ఆగిపోయాయి. అబద్ధం నోటిదాకా వచ్చింది. నిజంగానే వచ్చింది. కానీ ఆ పిల్ల నా మొహంలోకే చూస్తోంది.

"నేనే" అన్నాను.

అంజమ్మ గొంతు పెంచలేదు. "డాక్టరమ్మ నీకెప్పుడు చెప్పింది?"

"మొదలు పోయిననాడే."

"నేను అరుగు మీద రొట్టె తిన్ననాడా?"

"ఊఁ."

"గప్పటిసంది నేను ఒక్కపొద్దులుంటున్న. నువ్వు సూసుకుంటనే ఉన్నవ్." ఆమె చేతిలోని గింజలు కింద పెట్టింది. "పుస్తకంల రాస్తివా? నాకు సదువు రాదు. అవ్వకు రాదు. మరి మన ఇంట్ల ఎవలకు చెప్పినట్టు? పో. నోటితోని చెప్పు అవ్వకు."

అవ్వ వాకిట్లో నులకమంచం మీద ఉంది. అప్పటికే చెవులు సరిగా వినబడవు. మెల్లగా చెబితే "ఏందీ?" అన్నది. మళ్లీ చెప్పాను. మళ్లీ "ఏందీ?" అన్నది. చివరికి అరవవలసి వచ్చింది. "సూది ఏపిచ్చింది నేనే అవ్వా. కాలు నావల్లనే పోయిందేమో. అంజమ్మ తప్పేం లేదు." బాట మీద పోయేవాళ్లు ఆగారు. నా బడికి పిల్లలను పంపే తండ్రులే వాళ్లంతా.

అవ్వ మంచం మీద లేచి కూర్చుంది.

"నాకెరికే గద బిడ్డా" అన్నది. "సూది పొడిపియ్యకు అంటె ఇంటివా? కాలు పడ్డనాడే నాకు సమజైంది."

"మరి అంజమ్మనెందుకంటివి ఇన్నేండ్లు?"

"కొడుకువైతివి. నిన్ననేటందుకు నోరు రాలే. పరాయింటి బిడ్డ గద, దాన్నన్న."

గడపలో నిలబడ్డ అంజమ్మ ఆ మాట విన్నది. గోడకు ఆనుకొని కూర్చుండిపోయి, కాలు పడిపోయిన రోజు కూడా ఏడవనంత గట్టిగా ఏడ్చింది. అవ్వ మంచం దిగి, తడుముకుంటూ పోయి, ఆమె పక్కన కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఎటు పోవాలో తోచక వాకిట్లోనే నిలబడ్డాను. నన్ను ఎవరూ రమ్మనలేదు.

కర్ర చప్పుడు చేసుకుంటూ భారతి వచ్చింది. ప్రూఫు కాగితం నా చేతికిచ్చింది. 'ఒక తండ్రి' అన్న చోట పెన్సిలుతో గీత కొట్టి ఉంది. పైన ఏమీ రాయలేదు.

"నువ్వే రాయి బాపూ" అన్నది.